క్రెడిట్ కార్డు, ఏటీఎం కార్డు మోసాలు: మన ఇళ్ళలో అందరికీ తెలిసి ఉండవలసిన విషయాలు

 

మాధవరం, మూలకడై, రెట్టేరి, పుళల్ ప్రాంతాల నుంచి మన పాఠశాలకు వచ్చే పిల్లల ఇళ్ళలో ఇప్పుడు కనీసం ఒక బ్యాంకు కార్డు ఉంటోంది. చాలా ఇళ్ళలో క్రెడిట్ కార్డు కూడా ఉంది. బ్యాంకు నుంచి వచ్చే సందేశాలు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి, ఫోను చేసేవాళ్ళు తమిళంలోనో హిందీలోనో మాట్లాడతారు. మనం ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. అర్థం కాని సందేశాన్ని "ఏదో బ్యాంకుది వచ్చిందిలే" అని వదిలేయడం మనకు అలవాటు. తెలుగులో తియ్యగా మాట్లాడేవాడు ఫోను చేస్తే "మనవాడే" అనుకుని నమ్మడం ఇంకో అలవాటు. మోసగాళ్ళకు ఈ రెండూ బాగా పనికివస్తున్నాయి.

ఇది ఒక్కసారి చదివి వదిలేసే వ్యాసం కాదండి. ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి. చివర్లో ఇచ్చిన నంబర్లు కాగితం మీద రాసి, అందరికీ కనిపించేలా గోడకు అంటించండి.

కార్డు మీద ఏముంటుంది?

కార్డు మీద సాధారణంగా 16 అంకెల నంబరు, మన పేరు, గడువు తేదీ ఉంటాయి. వెనకవైపు మూడు అంకెల సీవీవీ ఉంటుంది. ఇవి కాక, కార్డు మీద కనిపించనివి రెండున్నాయి. ఒకటి మనకు మాత్రమే తెలిసిన పిన్. రెండోది కొనుగోలు చేసేటప్పుడు ఫోనుకు వచ్చే ఓటీపీ.

కార్డు నంబరులో మొదటి ఆరు అంకెలు ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అన్నది చెబుతాయి. ఒక బ్యాంకు ఒకే రకం కార్డు వేలమందికి ఇస్తే, వాళ్ళందరి కార్డుల్లో ఆ అంకెలు ఒకటే. ఇది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఫోను చేసినవాడు "మీ కార్డు ఫలానా అంకెలతో మొదలవుతుంది కదండీ, సరిచూసుకోండి" అంటాడు. సరిపోయేసరికి "అయితే నిజంగా బ్యాంకువాళ్ళే" అనుకుంటాం. కానీ ఆ అంకెలు ఎవరికైనా తెలుస్తాయి.

మన పేరు, ఫోను నంబరు వాడికెలా తెలిశాయని చాలామంది అడుగుతారు. 2023 మార్చిలో హైదరాబాదులోని సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. సుమారు 16.8 కోట్ల మంది వివరాలను ఆ ముఠా అమ్మకానికి పెట్టిందని పోలీసులు చెప్పారు. అంటే మన పేరు, ఫోను నంబరు, ఏ బ్యాంకులో ఖాతా ఉంది అనే వివరాలు బజారులో దొరికే సరుకైపోయాయి. కాబట్టి ఎవరైనా మన వివరాలు చెప్పినంత మాత్రాన వాళ్ళు బ్యాంకువాళ్ళు అయిపోరు.

డెబిట్ కార్డుకూ క్రెడిట్ కార్డుకూ తేడా

డెబిట్ కార్డు, అంటే మనం ఏటీఎం కార్డు అని పిలిచేది, మన ఖాతాలోని డబ్బుకు తాళంచెవి. మోసం జరిగితే మన జీతం డబ్బు, పిల్లల ఫీజు కోసం దాచిన డబ్బు వెంటనే పోతుంది.

క్రెడిట్ కార్డులో ముందు పోయేది బ్యాంకు డబ్బు. తర్వాత బిల్లు మనకు వస్తుంది. "మన డబ్బు పోలేదుగా" అని ఊరుకోకూడదు. కట్టని బిల్లుకు నెలకు మూడు శాతం పైగా వడ్డీ పడటం మామూలే. సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. రేపు పిల్లల చదువుకు అప్పు కావలసి వస్తే ఇబ్బంది. అందుకని మనం చేయని ఖర్చు బిల్లులో కనిపిస్తే, అది మోసమని వెంటనే రాసి ఇవ్వాలి. అలా రాసిచ్చిన లావాదేవీ మీద విచారణ తేలేవరకు చార్జీలు వేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన క్రెడిట్ కార్డుల నిబంధనల్లో ఉంది.

ఎలా మోసం చేస్తారు?

1. ఫోను మాట. "మీ కార్డు బ్లాక్ అవుతుంది", "కేవైసీ ఈ రోజే ఆఖరు", "రివార్డు పాయింట్లు ఈ సాయంత్రానికి పోతాయి", "లిమిట్ పెంచుతాం, చార్జీ లేదు" అంటారు. మాటలు వేరైనా లోపల ఉన్నవి రెండే: తొందర, భయం లేదా ఆశ. ఆలోచించడానికి సమయం ఇవ్వరు. "ఫోను పెట్టకండి, లైనులోనే ఉండండి" అని ఎవరైనా అన్నారంటే, ఆ మాటతోనే ఫోను పెట్టేయండి.

2. లింకు, ఏపీకే ఫైలు. ట్రాఫిక్ చలానా అనో, పెళ్ళి శుభలేఖ అనో, బ్యాంకు యాప్ అనో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది ఫొటో కాదు, ఫోనులోకి దిగే యాప్. దాన్ని తెరిచి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మన ఎస్ఎమ్ఎస్‌లు అవతలివాడు చదువుతాడు. అప్పుడు మనం ఓటీపీ చెప్పనక్కరలేదు, వాడే చూసుకుంటాడు. తెలిసినవాళ్ళ నంబరు నుంచి వచ్చినా తెరవకండి, వాళ్ళ ఫోను ముందే చిక్కి ఉండవచ్చు.

3. దొంగ కస్టమర్ కేర్ నంబరు. సంక్రాంతికి ఊరికి వెళ్ళడానికి బస్సు టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటాం, ఏదో కారణంతో రద్దు చేసుకుంటాం. డబ్బు తిరిగి రాకపోతే గూగుల్‌లో నంబరు వెతికి ఫోను చేస్తాం. అక్కడ కనిపించే నంబర్లలో మోసగాళ్ళు పెట్టినవీ ఉంటాయి. ఈసారి ఫోను చేసింది మనమే కాబట్టి అనుమానం రాదు. వాడు "రీఫండ్ వేయడానికి కార్డు నంబరు, సీవీవీ చెప్పండి" అంటాడు. డబ్బు మనకు రావడానికి సీవీవీ, ఓటీపీ, పిన్ ఏవీ అక్కరలేదు. అవి డబ్బు పోవడానికి మాత్రమే కావాలి. నంబరు కావాలంటే టికెట్ మీద, కార్డు వెనక, లేదా సంస్థ అసలు యాప్‌లో చూడండి.

4. ఫోను తెర చూపించమనడం. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు ఆఫీసు పనికి ఉపయోగపడేవే. "మీ సమస్య నేనే సరిచేస్తాను, ఈ యాప్ వేసుకోండి" అని తెలియనివాడు అంటే మాత్రం, మన ఫోనును వాడి చేతిలో పెట్టినట్టే. వాట్సాప్‌లో స్క్రీన్ షేర్ చేయమన్నా అదే అర్థం.

5. ఏటీఎం దగ్గర సాయం. "కార్డు ఇరుక్కుందా తాతగారూ, ఇటివ్వండి" అని కార్డు తీసుకుని, చూడటానికి అలాగే ఉండే ఇంకో కార్డు చేతిలో పెడతారు. పిన్ నొక్కేటప్పుడు చూసే ఉంటారు. కార్డు తిరిగి తీసుకోగానే దాని మీద పేరు చదువుకోవాలి. కార్డు పెట్టే చోట అతికించినట్టు ఏదైనా కదులుతుంటే ఆ మెషిన్ వాడకండి. పిన్ నొక్కే చేతిని రెండో చేత్తో కప్పుకోండి.

6. మన పేరు మీద వేరేవాళ్ళు తీసుకునే కార్డు. పాన్, ఆధార్ నకళ్ళు దొరికితే మన పేరుతో కార్డుకు దరఖాస్తు చేయగలరు. నకలు ఇచ్చేటప్పుడు దాని మీద "ఫలానా పని కోసం మాత్రమే" అని తేదీతో రాసి సంతకం పెట్టండి. మనకు తెలియకుండా అప్పు ఏదైనా ఉందేమో తెలుసుకోవడానికి సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఏడాదికి ఒకసారైనా తీసి చూసుకోండి.

ఓటీపీ ఎప్పుడు కాపాడుతుంది, ఎప్పుడు కాపాడదు?

మన దేశంలో ఆన్‌లైన్‌లో కార్డుతో కొనేటప్పుడు అదనపు ధ్రువీకరణ ఉండాలన్న నియమం 2009 ఆగస్టు నుంచి అమలులో ఉంది. మనకు వచ్చే ఓటీపీ అందులో భాగమే. అయితే విదేశీ వెబ్‌సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగరు. కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు, కొనుగోలు జరిగిపోతుంది. "ఓటీపీ చెప్పలేదు కదా, డబ్బెలా పోయింది?" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

అలాగే, వైఫై గుర్తు ఉన్న కార్డును మెషిన్‌కు ఆనిస్తే ₹5,000 వరకు పిన్ అడగకపోవచ్చు. ఈ పరిమితిని 2021 జనవరి 1 నుంచి ₹2,000 నుంచి ₹5,000కు పెంచారు. కార్డు పోగొట్టుకుంటే దొరికినవాడు అలా వాడుకునే వీలుంది.

దీనికి మన చేతిలోనే మందు ఉంది. 2020 జనవరి 15న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఆన్‌లైన్, విదేశీ, కాంటాక్ట్‌లెస్ వాడకాలను విడివిడిగా ఆపుకునే, తెరుచుకునే సౌకర్యం ప్రతి బ్యాంకూ ఇవ్వాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులలోకి వెళ్ళి ఈ నాలుగు పనులు ఈ రోజే చేయండి.

విదేశీ లావాదేవీలు: ఆఫ్ చేయండి. అవసరం వచ్చినప్పుడు తెరుచుకోవచ్చు.
కాంటాక్ట్‌లెస్: వాడకపోతే ఆఫ్ చేయండి.
ఆన్‌లైన్: కొనేటప్పుడు ఆన్ చేసి, అయ్యాక ఆఫ్ చేయండి.
రోజు పరిమితి: మీకు మామూలుగా ఎంత ఖర్చవుతుందో అంతకే తగ్గించండి.

యాప్ వాడటం రాని పెద్దలు బ్యాంకు శాఖకు వెళ్ళి కూడా ఇవి చేయించుకోవచ్చు. ఫోను నంబరు మార్చినవాళ్ళు ముందు బ్యాంకులో కొత్త నంబరు నమోదు చేయించండి. సందేశం రాకపోతే మోసం జరిగిన సంగతే తెలియదు.

సందేశంలోని మాటలకు అర్థాలు

ఈ భాగం ముఖ్యంగా విద్యార్థుల కోసం. అమ్మమ్మకో నాన్నకో సందేశం చదివి చెప్పేది మీరే కదా. నంబరు ఒక్కటే చదివి చెప్పకండి, సందేశం మొత్తం చదివి అర్థం చెప్పండి.

డెబిటెడ్: మన ఖాతా నుంచి డబ్బు పోయింది.
క్రెడిటెడ్: మన ఖాతాలోకి డబ్బు వచ్చింది.
స్పెంట్: కార్డుతో ఖర్చయింది. ఎంత, ఏ దుకాణంలో అని పక్కనే ఉంటుంది.
డిక్లైన్డ్: లావాదేవీ జరగలేదు. మనం ప్రయత్నించకుండానే ఈ సందేశం వస్తే ఎవరో మన కార్డును పరీక్షిస్తున్నారని అర్థం. డబ్బు పోలేదని ఊరుకోకుండా కార్డు బ్లాక్ చేయించండి.
ఓటీపీ ఫర్ ట్రాన్సాక్షన్: ఖర్చు చేయడానికి ఇచ్చే అనుమతి. అందులో మొత్తం, దుకాణం పేరు ఉంటాయి. "రీఫండ్ కోసం" అని ఫోనులో చెప్పినవాడు పంపించిన ఓటీపీ సందేశంలో ₹24,999 అని ఉంటే, అది రీఫండ్ కాదు, మన కార్డు మీద వాడు చేస్తున్న ఖర్చు.
డివైస్ రిజిస్ట్రేషన్: మన బ్యాంకు యాప్‌ను ఇంకో ఫోనులో తెరవడానికి ఎవరో ప్రయత్నిస్తున్నారు.
ఈ-మాండేట్, ఆటో పే: ప్రతి నెలా దానంతట అదే డబ్బు తీసుకునే ఏర్పాటు. ఏది ఎందుకు ఉందో అప్పుడప్పుడూ చూసి, అక్కరలేనివి రద్దు చేయండి.
మినిమమ్ డ్యూ: కనీసం కట్టవలసినది. ఇది కడితే బాకీ తీరిపోదు, మిగిలిన దాని మీద వడ్డీ నడుస్తుంది.
నాట్ యూ, నాట్ డన్ బై యూ: "ఇది మీరు చేసింది కాకపోతే" అని అర్థం. వెంటనే ఏం చేయాలో ఆ తర్వాత ఉంటుంది.

పది అంకెల మొబైల్ నంబరు నుంచి "బ్యాంకు సందేశం" వస్తే నమ్మకండి. బ్యాంకు సందేశాలు అక్షరాలతో ఉన్న పేరు మీద వస్తాయి. బ్యాంకుల నుంచి లావాదేవీల గురించి వచ్చే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకుల వెబ్‌సైట్ చిరునామాలు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్"తో ముగిసేలా 2025 అక్టోబరు 31 లోపు మారాలనీ ఆదేశించింది. ఇవి గుర్తుపట్టడానికి పనికివచ్చే ఆనవాళ్ళు. నంబరు ఏదైనా సరే, ఓటీపీ, పిన్, సీవీవీ మాత్రం ఎవరికీ చెప్పకూడదు. నిజంగా బ్యాంకులో పనిచేసేవారికి కూడా చెప్పకూడదు.

మన తప్పు లేకుండా పోయిన డబ్బు, మనం చెప్పడం వల్ల పోయిన డబ్బు

ఈ తేడా తెలిసి ఉండాలి. 2016 అక్టోబరులో దేశంలో సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల భద్రత దెబ్బతిన్నదన్న వార్త బయటపడింది. ఏటీఎంలను నడిపే ఒక సంస్థ కంప్యూటర్లలోకి హానికరమైన సాఫ్ట్‌వేర్ చొరబడింది. ఒక్క స్టేట్ బ్యాంకే సుమారు 6 లక్షల కార్డులు ఆపి కొత్తవి ఇవ్వవలసి వచ్చింది. 19 బ్యాంకులకు చెందిన 641 మంది ఖాతాదారులు మొత్తం సుమారు ₹1.3 కోట్లు పోయిందని ఫిర్యాదు చేశారని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ తెలిపింది. అక్కడ ఖాతాదారులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మామూలుగా ఏటీఎంకు వెళ్ళి డబ్బు తీసుకున్నారు, అంతే.

అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీలలో ఎవరి బాధ్యత ఎంత అన్నది రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశంలో స్పష్టంగా ఉంది. సారాంశం ఇది.

బ్యాంకు లోపం వల్ల జరిగితే: మనం కట్టవలసింది ఏమీ లేదు.

మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా, మధ్యలో ఎక్కడో లోపం వల్ల జరిగితే: సమాచారం అందిన రోజును వదిలేసి 3 పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే మన బాధ్యత సున్నా.

అదే 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే: మన బాధ్యతకు ఒక పరిమితి ఉంటుంది. కనీస సేవల పొదుపు ఖాతాకు ₹5,000. మామూలు పొదుపు ఖాతాకు, ₹5 లక్షల వరకు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు ₹10,000. అంతకు మించిన లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు ₹25,000. పోయిన మొత్తం, ఈ పరిమితి, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే మన మీద పడుతుంది.

7 పనిదినాలు దాటితే: బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానం ప్రకారం నిర్ణయిస్తారు.

మనమే ఓటీపీ, పిన్ చెప్పడం వల్ల జరిగితే: బ్యాంకుకు చెప్పేంతవరకు పోయినదంతా మన నష్టమే. చెప్పిన తర్వాత పోయినది మాత్రం బ్యాంకు భరించాలి.

ఆఖరి మాట మళ్ళీ చదవండి. పొరపాటున ఓటీపీ చెప్పేసినవాళ్ళకు కూడా చట్టం ఒక దారి ఉంచింది. ఆ దారి తెరుచుకునేది మనం బ్యాంకుకు చెప్పిన నిమిషం నుంచే. "ఆయనకు తెలిస్తే తిడతారు", "పిల్లలు నవ్వుతారు" అని దాచిపెట్టిన ప్రతి గంటా నష్టం పెరుగుతుంది. ఒకసారి ₹10,000 తీసుకున్నవాడు అక్కడితో ఆగడు, ఇంకో ₹10,000కు ప్రయత్నిస్తాడు.

మరో ముఖ్య విషయం. ఖాతాదారుడి బాధ్యతను నిరూపించవలసింది బ్యాంకే. మనం ఫిర్యాదు ఇచ్చాక 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మన ఖాతాలో చూపించాలి. 90 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. కౌంటరులో ఎవరైనా "ఇది మా పరిధిలో లేదు, పోలీసుల దగ్గరికే వెళ్ళండి" అంటే, ఈ ఆదేశం తేదీ చెప్పి ఫిర్యాదు తీసుకోమని అడగండి. మీ బ్యాంకు ఇప్పుడు పాటిస్తున్న విధానం ఏమిటో కూడా అడిగి తెలుసుకోండి.

మోసం జరిగిందని తెలియగానే ఏం చేయాలి?

మొదటి పని: కార్డు బ్లాక్. బ్యాంకు యాప్‌లో కానీ, కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోను చేసి కానీ వెంటనే బ్లాక్ చేయండి. కార్డు పోయాక దాని వెనక నంబరు చూడలేం కాబట్టి, ఆ నంబరు ఇప్పుడే వేరే చోట రాసి పెట్టుకోండి.

రెండో పని: 1930కి ఫోను. ఇది కేంద్ర హోంశాఖ సైబర్ ఆర్థిక మోసాల సహాయ నంబరు. మన ఫిర్యాదు వెంటనే సంబంధిత బ్యాంకులకు వెళుతుంది. దొంగ సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఇంకా ఉండగానే పట్టుకుంటే అక్కడ ఆపవచ్చు. నగదుగా తీసేశాక ఆపడం చాలా కష్టం. అందుకే ముందు బంధువులందరికీ ఫోను చేసి, ఆ తర్వాత 1930కి చేయడం పనికిరాదు. తమిళం బాగా వచ్చిన పిల్లలు పక్కన కూర్చుని మాట్లాడటంలో సాయం చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వచ్చిన నంబరు రాసి పెట్టుకోండి.

మూడో పని: బ్యాంకుకు రాతపూర్వక ఫిర్యాదు. ఫోనులో చెప్పాం కదా అని ఆగకండి. ఈ-మెయిల్ పంపండి, లేదా ఉత్తరం ఇచ్చి నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 3 పనిదినాల లెక్కకు మీ దగ్గర ఉండే సాక్ష్యం అదే. ఉత్తరంలో ఉండవలసినవి: మీ పేరు, కార్డు ఆఖరి నాలుగు అంకెలు, లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, సందేశం ఎప్పుడు వచ్చింది, మీరు ఎప్పుడు బ్లాక్ చేయించారు, 1930 ఫిర్యాదు నంబరు, "ఈ లావాదేవీ నేను చేయలేదు" అనే వాక్యం. పూర్తి కార్డు నంబరు, సీవీవీ, పిన్ ఉత్తరంలో కూడా రాయకండి.

నాలుగో పని: సాక్ష్యాలు దాచడం. సందేశాలు, ఫోను చేసిన నంబరు, వాట్సాప్ సంభాషణ చెరిపేయకండి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. ఏపీకే ఫైలు తెరిచి ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి.

ఐదో పని: బ్యాంకు వినకపోతే. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ ఏకీకృత పథకం 2021 నవంబరు 12న మొదలైంది. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో నమోదు చేయవచ్చు. 14448కి ఫోను చేసి తెలుగులో వివరాలు అడగవచ్చు. కాగితం మీద రాసి చండీగఢ్‌లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పంపే ఫిర్యాదు ఏ భాషలోనైనా ఉండవచ్చు. మన తెలుగులోనే రాయవచ్చు. భాష రాదని హక్కు వదులుకోనక్కరలేదు.

విద్యార్థులకు నాలుగు మాటలు

పెద్దవాళ్ళ ఫోనులో ఆటలు ఆడేటప్పుడు కార్డు వివరాలు అందులో దాచకండి. ఆటలో వస్తువులు కొనడానికి అమ్మకు తెలియకుండా ఓటీపీ చూసి వేయడం కూడా తప్పే. అది అలవాటైతే ఇంట్లో నిజమైన మోసం జరిగినప్పుడు "పిల్లాడే వాడుంటాడులే" అనుకుని ఆలస్యం చేస్తారు.

పైతరగతుల పిల్లలూ, ఇంకో మాట జాగ్రత్తగా వినండి. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తా" అని ఎవరైనా అంటే వెంటనే ఇంట్లో చెప్పండి. దొంగ సొమ్ము దాటించడానికి అలాంటి ఖాతాలే వాడతారు. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ ఇంటికి. చదువు, ఉద్యోగం అన్నీ చిక్కుల్లో పడతాయి.

తాతయ్య, అమ్మమ్మ పొరపాటు చేస్తే నవ్వకండి. మోసగాడు రోజంతా అదే పనిగా చేసేవాడు. చదువుకున్నవాళ్ళూ, ఉద్యోగస్థులూ వాడి చేతిలో పడుతూనే ఉన్నారు. భయపడకుండా మీతో చెప్పుకునేలా ఉంటే, మీ ఇంటి డబ్బు దక్కే అవకాశం ఎక్కువ.

తల్లిదండ్రులకు పాఠశాల మాట

బ్యాంకుకు ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉత్తరం రాయడం కష్టమైతే పాఠశాల కార్యాలయానికి రండి. పనివేళల్లో మా ఉపాధ్యాయులు రాసి పెడతారు. కార్డు నంబరు, పిన్, ఓటీపీ మాత్రం మాకు కూడా చెప్పవద్దు. మేమూ అడగము. పాఠశాల పేరు చెప్పి ఫీజు కోసమో, స్కాలర్‌షిప్ కోసమో ఎవరైనా ఫోనులో కార్డు వివరాలు అడిగితే అది మోసమని తెలుసుకుని, మాకు కబురు చేయండి.

గోడకు అంటించుకోవలసిన కాగితం

ఓటీపీ, పిన్, సీవీవీ: ఎవరికీ చెప్పము.
తొందరపెట్టే ఫోను: పెట్టేస్తాము.
ఏపీకే ఫైలు: తెరవము.
డబ్బు పోతే: ముందు కార్డు బ్లాక్, వెంటనే 1930.
3 పనిదినాల్లోపు: బ్యాంకుకు రాసి ఇచ్చి, ముద్ర వేయించుకుంటాము.
బ్యాంకు వినకపోతే: 14448.
మా బ్యాంకు నంబరు: ........................ (కార్డు వెనక చూసి రాసుకోండి)

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, ఈ ఆదివారం ఒక అరగంట కూర్చుని కార్డు సెట్టింగులు సరిచేసుకోవడం మేలు. ఆ పని చేసిన పిల్లలు సోమవారం తరగతిలో తమ ఉపాధ్యాయులకు చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు